పాత రైలుకట్టను కాలినడకకే వదిలేయండి

నల్లమల అటవీ అధికారులకు, గుంటూరు రైల్వే డివిజన్ అధికారులకు, రాష్ట్ర పర్యాటక, పురావస్తు శాఖల పెద్దలకు నమస్కారాలు.

నంద్యాలలో రైలెక్కి గిద్దలూరు వైపు వస్తుంటే గాజులపల్లె దాటాక చేలు ఆగిపోయి అడవి అందుకుంటుంది. చలమ స్టేషను, ఆ తర్వాత బొగద సొరంగం, ఇంకాసేపటికి దిగువమెట్ట. కిటికీ పక్కన కూర్చున్నవాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఇప్పుడు రైలు పోతున్న దారి ఈ కనుమలో రెండోది. మొదటిది దీనికి ఎడంగా, చెట్ల మధ్య, పట్టాలు లేకుండా పడి ఉంది. ఆ పాత రైలుకట్ట గురించే ఈ ఉత్తరం.

నేను అడిగేది ఒక్కటే. ఆ కట్టను మనుషులు నడిచే దారిగా నిలపండి. చెంచుల తోడుతో, చిన్న చిన్న గుంపులుగా, మీ అనుమతితో, మీరు చెప్పిన నెలల్లో మాత్రమే. దాని మీద జీపులు తిరగొద్దు, సిమెంటు పోయొద్దు. ఎవరికీ పట్టని తుప్పల కింద పాడుబడనివ్వనూ వద్దు.

ఈ దారి పుట్టుక వెనక ధాత కరువు ఉంది. 1876–78 నాటి ఆ కరువులో బళ్లారి, కర్నూలు, కడప సీమలు ఎంత అల్లాడాయో చరిత్ర చదివినవాళ్లకు చెప్పక్కర్లేదు. ధాన్యం ఉన్నచోట ఉంది, ఆకలి ఉన్నచోటికి చేరలేదు. బండ్లు లాగాల్సిన ఎద్దులకే మేత, నీళ్లు లేవు. ఆ తర్వాత 1880లో కరువు కమిషన్ రైలుమార్గాలు వేయమని గట్టిగా చెప్పింది. లాభం వచ్చినా రాకపోయినా కరువు సీమల్లోకి గింజలు చేర్చే మార్గాలు కావాలంది. గుంతకల్లు నుంచి నంద్యాల మీదుగా నల్లమల దాటి, గిద్దలూరు, కంభం, నరసరావుపేట, గుంటూరు తాకుతూ కృష్ణ ఒడ్డుకు చేరిన మీటర్ గేజి లైను ఆ ఆలోచనలోంచే వచ్చింది. బళ్లారి–కృష్ణా రైల్వే అని దాని పేరు. సదరన్ మరాఠా రైల్వే కంపెనీ దాన్ని నడిపింది. 1908 నుంచి మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే అయింది. పడమట మార్మగోవా రేవు దాకా అదే గేజిలో దారి ఉండేది. ఒక సముద్రం నుంచి ఇంకో సముద్రానికి పోయే దారిలో మా కనుమ ఒక మలుపు.

ఆ దారి మొత్తంలో కష్టమైన చోటు ఈ కనుమే. గుంతకల్లు వైపు నల్లరేగడి మైదానం, గుంటూరు వైపు ఇంకో మైదానం, నడుమ నల్లమల. లోయ ఒకటి అడ్డుపడితే దాని మీద దొరబావి వంతెన కట్టారు. 1884లో మొదలుపెట్టి 1887కి ముగించారు. అప్పటి ఇండియాలో బాగా ఎత్తయిన రైలు వంతెనల్లో అదొకటి. కొలతల కంటే నాకు ముఖ్యంగా తోచేది ఆ పని చేసిన మనుషులు. నల్లమల అప్పుడు చలిజ్వరానికి పేరుమోసిన అడవి. మందు అంటే క్వినైన్ ఒక్కటే, అదీ అందరికీ అందేది కాదు. యంత్రాలు తక్కువ, మనుషుల రెక్కలు ఎక్కువ. కరువు చూసి బతికినవాళ్లే కూలికి వచ్చి ఆ రాయి మోసి ఉంటారు. కంపెనీ పేరు, ఇంజనీర్ల లెక్కలు కాగితాల్లో ఉన్నాయి. రాయి మోసినవాళ్ల గుర్తుగా ఉన్నది ఆ కట్ట మాత్రమే.

ఒక శతాబ్దానికి పైగా ఆ వంతెన మీద రైళ్లు నడిచాయి. 1992లో దేశంలోని పట్టాలను ఒకే వెడల్పుకు తెచ్చే యూనిగేజి పథకం వచ్చాక మా లైను వంతు కూడా వచ్చింది. పట్టాల మధ్య మీటరు దూరం నుంచి 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజికి మారడమంటే పట్టాలు ఎడం చేయడంతో తీరే పని కాదు. బండి బరువు పెరుగుతుంది, మలుపులు సాఫీ కావాలి, వాలు తగ్గాలి. పాత మలుపులు, పాత వంతెన దానికి ఆగవు. అందుకని కనుమలో దారే మార్చారు. దొరబావి వంతెన పనిలేనిదైపోయింది. దాని ఇనుము విప్పి తీసుకుపోయారు. స్తంభాలు మాత్రం లోయలో అట్లాగే నిలబడ్డాయి. రైల్వే చేసింది రైల్వేకు అవసరమే, అందులో నాకు ఫిర్యాదు లేదు. రైలు వెళ్లిపోయాక మిగిలినదాన్ని ఏం చేద్దామని ఎవరూ కూర్చుని ఆలోచించకపోవడమే నా బాధ.

ఆ కట్ట మీద నడిచినవాడిగా చెబుతున్నాను. అడవిలో నడకకు ఇంతకన్నా అనువైన దారి మనిషి కొత్తగా వేయలేడు. రైలింజను నిట్రంగా ఎక్కలేదు. కాబట్టి ఆనాటివాళ్లు కొండ ఒంపుల్ని పట్టుకుని, మెల్లగా ఎక్కుతూ దిగుతూ కట్ట పోశారు. ఆయాసపడే అరవై ఏళ్ల మనిషి, పదేళ్ల పిల్ల కూడా పక్కపక్కనే నడవగలరు. ఒకచోట కట్ట చెట్ల నడికొమ్మల ఎత్తున ఉంటుంది. అక్కడ బెట్టుడుత మన కళ్లకు సూటిగా కనిపిస్తుంది, మెడ ఎత్తక్కర్లేదు. ఇంకోచోట కటింగు. రెండు వైపులా తెగ్గొట్టిన రాయి. నల్లమల పలకరాళ్లు, వాటి మధ్య గట్టి చెకుముకి లాంటి రాతి వరసలు వంకర్లు తిరిగి మడతలు పడి ఉంటాయి. భూగర్భ శాస్త్రం చదివే పిల్లలు కడప బేసిన్ గురించి పుస్తకంలో చదువుతారు. నూరు కోట్ల ఏళ్లు పైబడిన ఆ పొరల్ని చేత్తో తాకాలంటే ఇట్లాంటి కటింగుల దగ్గరికే రావాలి.

చెట్ల సంగతి చెప్పాలంటే రోజు చాలదు. ఏపి, నల్లమద్ది, చిరుమాను, తునికి, ఉసిరి, వెదురు. తెల్లటి మానుతో ఎండలో మెరిసే తపసి చెట్టు. ఒకప్పుడు కంకర పరిచిన చోట మట్టి పేరుకుని గడ్డి లేచింది. దుప్పులు ఆ గడ్డికి వస్తాయి. కట్ట కింద వాన నీళ్లు పోవడానికి కట్టిన మోరీల దగ్గర మాఘం దాకా తేమ ఉంటుంది, ఆ తడి మట్టిలో కణితి గిట్టలు, ఎలుగు పాదం, అదృష్టం బాగుంటే పెద్దపులి అడుగు. జీపులో పోయేవాడికి ఇవేవీ కనిపించవు. దుమ్ము కనిపిస్తుంది, ముందు జీపు వెనకభాగం కనిపిస్తుంది. పులి కనబడకపోతే డబ్బులు దండగయ్యాయనుకుంటూ ఇంటికి పోతాడు. కాలినడకన వచ్చినవాడికి పులి కనబడక్కర్లేదు. పులి పొద్దున ఈ దారినే పోయిందని అడుగు చూసి తెలుసుకోవడం చాలు.

అభ్యంతరాలు నాకు తెలుసు, వాటిని దాటవేయను. మొదటిది మనుషుల ప్రాణం. 2024లో పచ్చర్ల దగ్గర కట్టెలకు పోయిన మహిళను చిరుత చంపింది. ఆ ఊళ్లో ఆ నెల ఎట్లా గడిచిందో ఈ కనుమ రోడ్డు మీద తిరిగేవాళ్లందరికీ తెలుసు. ఇది చిరుతలు, ఎలుగులు, పులులు తిరిగే నేల. ఎవరికి తోచినప్పుడు వాళ్లు బండి ఆపి కట్టెక్కి నడవడాన్ని నేను సమర్థించను. సెలవు రోజుల్లో కుర్రాళ్లు వంతెన స్తంభాల దగ్గరికి ఫోటోల కోసం పోతున్నారు. ఎవరికీ చెప్పకుండా పోతున్నారు. ఏదైనా జరిగాక అందరం కలిసి అయ్యో అనుకోవడం కంటే, ఇప్పుడే ఒక పద్ధతి పెట్టి తోడుతో పంపడం మేలు. కొందరు ఇప్పటి రైలు పట్టాల వెంబడి నడిచి పోతున్నారు. అది చట్టం ఒప్పని పని, ప్రాణాంతకం కూడా. మలుపులున్న కనుమలో బండి చప్పుడు చెవిన పడేసరికే ఆలస్యమైపోతుంది.

రెండో అభ్యంతరం జంతువుల వైపు నుంచి, నా దృష్టిలో ఇదే పెద్దది. జీపు చూసి బెదరని దుప్పి, నడిచే మనిషిని చూసి బెదురుతుంది. ఇది నిజం. పైగా ఈ కనుమ మామూలు చోటు కాదు. ఉత్తరాన దేశంలోనే పెద్దదైన మన నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం, గుండ్ల బ్రహ్మేశ్వరం అడవులు. దక్షిణాన లంకమల, ఆ కింద శేషాచలం. 2018 లెక్కల్లో మన రాష్ట్రంలో పులులు 48, 2022 లెక్కల్లో 63. పెరిగిన పులులకు కొత్త తావులు కావాలి. దక్షిణానికి పోవాలంటే నంద్యాల–గిద్దలూరు రోడ్డు, రైలు దాటాలి. ఆ రెండూ ఇప్పటికే వాటికి అడ్డం. మూడో అడ్డంగా మనుషుల వరసను పెట్టమని నేను అడగను. అందుకే పొద్దెక్కాక మొదలై పొద్దు వాలకముందే ముగిసే నడక అంటున్నాను. పదిమందికి మించని గుంపు, రోజుకు ఒకటో రెండో. వారంలో కొన్ని రోజులు అసలు ఎవరూ లేకుండా కట్ట ఖాళీగా ఉండాలి. జూలై నుంచి సెప్టెంబరు దాకా అభయారణ్యం ఎట్లాగూ మూతపడుతుంది. ఎండాకాలంలో మంటలు లేచే వారాల్లోనూ మూసేయండి. ఎంతమంది రావచ్చో మీ కెమెరా ట్రాపులే చెప్పాలి, గదుల గిరాకీ చెప్పకూడదు.

ఖాళీగా వదిలేసిన కట్ట అడవికి మేలు చేస్తుందని ఎవరైనా అంటే ఒప్పుకోలేను. మనం నడవని దారిన వేరేవాళ్లు నడుస్తారు. ఉచ్చులు పెట్టేవాళ్లకు, కరెంటు తీగలు లాగేవాళ్లకు, రాత్రిపూట కలప దాటించేవాళ్లకు చదునైన పాడుకట్ట వరం. లాంటానా పొద అల్లుకుపోయిన చోట దుప్పికి గడ్డి దొరకదు, వేసవిలో అదే నిప్పుకు ఆజ్యం. రోజూ కళ్లున్న మనిషి ఒకడు ఆ దారిన పోయి వస్తుంటే ఉచ్చు ఎక్కడుందో తెలుస్తుంది, పొగ ఎక్కడ లేచిందో తెలుస్తుంది.

ఆ కళ్లు చెంచులవే కావాలి. ఈ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. బేస్ క్యాంపుల్లో, పులుల జాడ తీసే పనిలో చెంచు యువకులు ఇప్పటికే మీతో ఉన్నారు. తేనెకూ గడ్డలకూ బంకకూ ఈ అడవంతా తిరిగినవాళ్లు. కోతి అరుపు మారితే చిరుత ఎటు కదులుతోందో చెప్పగలరు. నడక టికెట్టు డబ్బులో పెద్ద వాటా నేరుగా గూడేనికి పోవాలి. ఏజెన్సీ, కాంట్రాక్టరు, సబ్‌కాంట్రాక్టరు చేతులు మారి చివరికి దినకూలీ మిగిలే పద్ధతి వద్దు. దారిలో ఏం చూపించాలో, ఏం చూపించకూడదో వాళ్లే తేల్చాలి. వాళ్ల దేవతల తావులు, తేనెపట్టు చెట్లు సందర్శకుల కోసం కావు.

ఇది కలలో మాటేమీ కాదు. కేరళలోని పెరియార్ పులుల అభయారణ్యంలో ఒకప్పుడు అడవిలో దాల్చిన చెక్క దొంగిలించినవాళ్లు 1990ల చివరి నుంచి సందర్శకులను కాలినడకన తీసుకుపోయే గైడ్లయ్యారు, అడవికి కాపలాదారులయ్యారు. మధ్యప్రదేశ్‌లోని సాత్పురా పులుల అభయారణ్యంలోనూ గైడు వెంట నడిచి అడవి చూసే ఏర్పాటుంది. పులులున్న చోట మనుషులు నడవకూడదన్న నియమమేదీ లేదని, ఎట్లా నడవాలన్నదే ప్రశ్న అని ఆ రెండు చోట్ల తేలిపోయింది.

పాత రైలుదారుల సంగతీ అంతే. స్పెయిన్ 1993 నుంచి మూతపడ్డ లైన్లను నడకదారులుగా, సైకిల్‌దారులుగా మారుస్తోంది. అమెరికాలో ఈ పని కోసమే 1986లో ఒక సంస్థ పుట్టింది. ఇంగ్లండ్‌లో పీక్ డిస్ట్రిక్ట్ జాతీయ ఉద్యానంలో 1968లో మూసిన లైను ఇప్పుడు మోన్సాల్ ట్రైల్. అక్కడి హెడ్‌స్టోన్ వంతెన మీద, 2011లో తెరిచిన సొరంగాల్లో జనం హాయిగా నడుస్తారు. ఉద్యోగాలకు ఆ దేశాలు పోయిన మన పిల్లలు శనాదివారాల్లో ఇట్లాంటి దారుల్లో తిరిగి, ఫోటోలు పంపిస్తారు. ఆ ఫోటోలు చూసినప్పుడల్లా మన కట్ట గుర్తొస్తుంది. అయితే అక్కడి పద్ధతి ఇక్కడ యథాతథంగా పనికిరాదు. వాళ్లకు పులుల్లేవు. వాళ్ల దారి ఎవరైనా ఎప్పుడైనా ఎక్కే దారి, మనది అట్లా కుదరదు. అక్కడి నుంచి తీసుకోవాల్సింది ఒక్కటే, రైలు పోయినంత మాత్రాన దారి చచ్చిపోదన్న నమ్మకం.

రైల్వే అధికారులకు ప్రత్యేకంగా ఒక మాట. గుంటూరు–గుంతకల్లు 401 కిలోమీటర్ల డబ్లింగు మాకందరికీ కావాలి. రెండో లైను వస్తే బండ్లు పెరుగుతాయి, క్రాసింగుల కోసం గంటలు గంటలు ఆగడం తప్పుతుంది. కానీ కనుమలో ఆ పని సాగేటప్పుడు పాత కట్టను లారీల దారిగా వాడొద్దు, తవ్విన మట్టీ రాయీ దాని మీద పోయొద్దు. రెండో లైను వేసేచోట జంతువులు దాటడానికి పట్టాల కింద విశాలమైన దారులు వదలండి. ఒక్క లైనునే భయంభయంగా దాటే జంతువు రెండు లైన్లను, మధ్య కంచెను ఎట్లా దాటుతుంది? పాత లైను డ్రాయింగులు, వంతెన నిర్మాణ పత్రాలు మీ రికార్డు గదుల్లో ఎన్ని ఉంటే అన్నీ స్కాన్ చేయించి నంద్యాల, గిద్దలూరు గ్రంథాలయాల్లో పెట్టించండి. మీటర్ గేజి రోజుల్లో ఈ కనుమలో పనిచేసిన గ్యాంగ్‌మన్‌లు, కీమన్‌లు, గార్డులు ఇంకా మా ఊళ్లలో ఉన్నారు. వానాకాలం రాత్రుల్లో లాంతరు పట్టుకుని పట్టా చూసుకుంటూ నడిచినవాళ్లు. వాళ్ల గొంతులు రికార్డు చేయించాల్సింది ఇప్పుడే. వాళ్లకు వయసైపోతోంది.

దొరబావి స్తంభాల గురించి పురావస్తు శాఖకు చెప్పేది ఇది. రాతి సందుల్లో రావి, మర్రి మొలకలు పుడతాయి. వేరు లావెక్కితే ఎంత బలమైన కట్టడమైనా నోరు తెరుస్తుంది. ఆ మొలకల్ని వేళ్లతో సహా తీసి సందులు సున్నంతో పూడిస్తే స్తంభాలు ఇంకో వందేళ్లు నిలుస్తాయి. సిమెంటు మెత్తొద్దు, అది పాత రాతిని ఊపిరాడనివ్వదు. ఎవరూ ఎక్కకుండా చుట్టూ కాస్త దూరంలో ముళ్లకంచె చాలు. రంగులు వేయొద్దు. లోయకు అడ్డంగా గాజు వంతెన ప్రతిపాదన ఎవరైనా తెస్తే దయచేసి ఒప్పుకోవద్దు. ఇప్పుడు ప్రతి కొండమీదా అదే మాట వినిపిస్తోంది. పాత మార్గంలో గబ్బిలాలు చేరిన చీకటి చోట్లు ఎక్కడున్నా వాటి జోలికి పోవద్దు, లైట్లు పెట్టొద్దు.

పర్యాటక శాఖ దగ్గర డబ్బుంటే దాన్ని కట్ట మీద ఖర్చు పెట్టొద్దని నా మనవి. అడవి బయట, నంద్యాల స్టేషన్లో ఒక గది చాలు. ఆ లైను ఎందుకొచ్చింది, ఎవరు వేశారు, ఎప్పుడు ఆగింది, ఇప్పుడు అక్కడ ఏ జంతువులున్నాయి, ఇవన్నీ తెలుగులో, మంచి తెలుగులో, గోడల మీద పెట్టండి. నడకకు వచ్చేవాళ్లు ముందు ఆ గదికి వచ్చి, సంచుల్లోని ప్లాస్టిక్ అక్కడే వదిలి, నీళ్ల సీసా ఒక్కటి పట్టుకుని బయల్దేరాలి. చుట్టుపక్కల ప్రభుత్వ బడుల పిల్లలకు టికెట్టు వద్దు. అడవికి ఆనుకుని పుట్టి, అడవి లోపల ఏముందో చూడకుండా పెద్దవాళ్లయిపోతున్నారు వాళ్లు.

ఇవి పెద్ద ఖర్చుతో కూడిన కోరికలు కావు. నాలుగు శాఖలు ఒక బల్ల చుట్టూ కూర్చుంటే సగం పని అయిపోతుంది. ఆ సమావేశానికి చెంచు గూడేల పెద్దల్ని, పచ్చర్ల, చలమ, దిగువమెట్ట ఊళ్లవాళ్లను కూడా పిలవండి. తీసుకున్న నిర్ణయాన్ని తెలుగులో రాసి ఆ ఊళ్ల పంచాయతీ బోర్డుల మీద అతికించండి. వానలు వెనకబట్టి అక్టోబరులో అడవి తెరిచేనాటికి మొదటి గుంపు నడిచేలా ఏర్పాటు చేయగలిగితే మంచిది. అంతవరకు, కనీసం ఆ కట్ట మీద లారీ గానీ జీపు గానీ తిరగకూడదని ఒక ఉత్తర్వు ఇవ్వండి.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,
నల్లమల అంచున పుట్టి పెరిగిన ఒక గిద్దలూరు వాసి